మా అమ్మాయి సాఫ్ట్‌బాల్ కోచ్ అవుతానంటోంది, ఇది కెరీరేనా?

ఒహాయోలో ఉండే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. వాళ్లమ్మాయి డివిజన్ 3 కాలేజీలో (కాలేజీ ఆటల్లో మూడు స్థాయిలుంటాయి, డివిజన్ 1 పైది, 3 కిందిది) షార్ట్‌స్టాప్‌గా, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్‌గా, ఆడుతోంది. వచ్చే మే నెలలో కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) డిగ్రీ పూర్తవుతుంది. ఫిజికల్ థెరపీ చదువుతుందని ఇంట్లో అనుకుంటుంటే, కాలేజీ కోచ్ అవుతానని చెప్పిందట. ఆయన సందేహాలు మూడు: ఇందులో బతుకుతెరువు ఉందా, పేరున్న ప్లేయర్ కాని అమ్మాయిని ఎవరైనా తీసుకుంటారా, పదేళ్ల తర్వాత ఎక్కడ ఉంటుంది?

నేను మిడ్‌వెస్ట్‌లో ఒక కాలేజీ అథ్లెటిక్ డిపార్ట్‌మెంట్‌లో చాలా కాలంగా పనిచేస్తున్నాను. కోచ్‌లను ఎంపిక చేసే కమిటీల్లో కూర్చున్నాను, వచ్చినవాళ్లను చూశాను, మానేసి వెళ్లిపోయినవాళ్లనూ చూశాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను, మీ టెన్షన్ అదే కాబట్టి. అమెరికా కార్మిక శాఖ లెక్కల్లో కోచ్‌లు, స్కౌట్‌లు అనే వర్గానికి మధ్యస్థ జీతం ఏడాదికి సుమారు 46 వేల డాలర్లు. అన్ని ఆటలూ, అన్ని స్థాయిలూ కలిపిన లెక్క అది. కాలేజీ సాఫ్ట్‌బాల్‌లో అడుగుపెట్టినవాళ్లకు మొదటి రెండు మూడేళ్లు అంతకన్నా బాగా తక్కువే వస్తుంది. పైన ఓక్లహోమా కోచ్ ప్యాటీ గాసో లాంటివాళ్లు ఏటా పది లక్షల డాలర్లకు పైన తీసుకుంటారు. ఆ అంకె చూసి ఆశపడొద్దు, ఈ 46 వేలు చూసి బెదిరిపోవద్దు. మీ అమ్మాయి ఈ రెండింటి మధ్య ఎక్కడ ఉంటుందనేది ఆమె ఎంత బాగా ఆడిందన్నదానికంటే, అసిస్టెంట్‌గా ఎవరి దగ్గర, ఎన్నాళ్లు, ఏం నేర్చుకుందన్నదాని మీద ఎక్కువ ఆధారపడుతుంది. ఈ సమాధానంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

సాఫ్ట్‌బాల్ తెలియని మనవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. బేస్‌బాల్‌కు చెల్లెలి లాంటి ఆట. బంతి చుట్టుకొలత 12 అంగుళాలు, మ్యాచ్ ఏడు ఇన్నింగ్స్. పిచ్చర్ చేతిని కింది నుంచి తిప్పి బంతి విసురుతుంది. కాలేజీ స్థాయిలో దూరం 43 అడుగులు. క్రికెట్ పిచ్ 66 అడుగులని గుర్తు చేసుకుంటే విషయం అర్థమవుతుంది: గంటకు 65 మైళ్ల వేగంతో వచ్చే బంతి బ్యాటర్ దగ్గరికి చేరడానికి అర సెకను కూడా పట్టదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఒక్క కోచ్ జీవితాన్ని శ్రద్ధగా చదవాలనుకుంటే క్యారల్ హచిన్స్‌ది చదవండి. అందరూ ఆమెను హచ్ అంటారు. మీ పక్క రాష్ట్రం మిషిగన్‌లోని లాన్సింగ్‌లో పెరిగింది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో సాఫ్ట్‌బాల్, బాస్కెట్‌బాల్ రెండూ ఆడింది. సాఫ్ట్‌బాల్‌లో ఆమె కూడా షార్ట్‌స్టాపే. 1976లో ఆ జట్టు జాతీయ టైటిల్ గెలిచింది. అప్పటికి మహిళల సాఫ్ట్‌బాల్‌ను కాలేజీ ఆటల జాతీయ సంఘం ఎన్‌సీఏఏ ఇంకా పట్టించుకోలేదు. ఏఐఏడబ్ల్యూ అనే మహిళా సంఘం పోటీలు నడిపేది. ఎన్‌సీఏఏ టైటిల్ మొదలైంది 1982లో.

హచిన్స్ కథలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది ఆ టైటిల్ కాదు. 1979లో మ్యాజిక్ జాన్సన్ ఆడుతున్న మిషిగన్ స్టేట్ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు దేశమంతా మారుమోగుతోంది, ఆ ఏడాది వాళ్లే జాతీయ విజేతలు. అదే యూనివర్సిటీలో మహిళల జట్టుకు ప్రయాణం, బస, భోజనం ఖర్చులు అన్నింట్లోనూ కోత. అమ్మాయిలు యూనివర్సిటీ మీద, చదువుల్లో ఆడ-మగ వివక్షను నిషేధించే టైటిల్ నైన్ చట్టం కింద కోర్టుకెళ్లారు. దావాలో మొదటి పేరు హచిన్స్‌ది. చదువుతున్న కాలేజీ మీదే కేసు వేసిన అమ్మాయికి కాలేజీ ఆటల్లో ఉద్యోగం ఎవరిస్తారు అని ఆ రోజుల్లో ఎవరైనా అనుకునే ఉంటారు.

ఇచ్చారు. ఇండియానా యూనివర్సిటీలో 1981లో ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్ పూర్తి చేసింది. చదువుతూనే అక్కడి జట్టుకు సాయం చేసింది. 1982లో ఫెరిస్ స్టేట్ అనే చిన్న కాలేజీలో ఒక సీజన్ హెడ్ కోచ్. తర్వాత మిషిగన్ యూనివర్సిటీలో, అంటే తాను చదివిన కాలేజీకి బద్ధ ప్రత్యర్థి దగ్గర, మళ్లీ అసిస్టెంట్‌గా చేరింది. గమనించారా, హెడ్ కోచ్ అయ్యాక అసిస్టెంట్‌గా కిందికి దిగింది. మన ఇళ్లలో దీన్ని డిమోషన్ అంటారు. చిన్న చోట పెద్ద హోదా కంటే పెద్ద చోట చిన్న హోదా మేలని ఆమె లెక్క వేసుకుని ఉండొచ్చు, లేదా ఖాళీ అక్కడే ఉందేమో. ఏదైతేనేం, 1985లో హెడ్ కోచ్ అయి 2022 ఆగస్టులో రిటైరయ్యేదాకా అక్కడే ఉంది.

ఆ 38 సీజన్లలో మిషిగన్‌లో ఒక్క ఏడాది కూడా గెలుపులకన్నా ఓటములు ఎక్కువ కాలేదు. మిషిగన్ ఆడే బిగ్ టెన్ లీగ్‌లో టైటిళ్లు 22. కెరీర్ మొత్తం మీద 1,707 విజయాలు. రిటైరయ్యే నాటికి ఎన్‌సీఏఏ డివిజన్ 1 సాఫ్ట్‌బాల్‌లో అంతకన్నా ఎక్కువ ఎవరికీ లేవు. ఇన్ని ఉన్నా జాతీయ టైటిల్ ఒక్కటే, 2005లో. హెడ్ కోచ్‌గా ఇరవై ఏళ్లు గడిచాక వచ్చిందది. కాలిఫోర్నియాలోని యూసీఎల్‌ఏ యూనివర్సిటీతో ఫైనల్ మూడో మ్యాచ్ అదనపు ఇన్నింగ్స్‌కు వెళ్తే, పదో ఇన్నింగ్స్‌లో సమాంతా ఫిండ్లే మూడు పరుగుల హోమర్ (క్రికెట్‌లో సిక్సర్ లాంటి షాట్) కొట్టింది. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న జట్టు ఏదీ అంతకుముందు ఆ టైటిల్ గెలవలేదు. ఈ ఆట అప్పటిదాకా కాలిఫోర్నియా, అరిజోనా ఎండలది. మార్చిలో మంచు కురిసే ఊళ్లో ఉండి వాళ్లను కొట్టడం మామూలు సంగతి కాదు. మీరు ఒహాయోలోనే ఉన్నారు కాబట్టి ఫిబ్రవరిలో మీ అమ్మాయి జట్టు జిమ్‌లోపల ప్రాక్టీస్ చేయడం చూసే ఉంటారు, ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఈ కథ రెండో భాగం మీకు ఇంకా ముఖ్యం. హచిన్స్ దగ్గర 1988 నుంచి 1991 వరకు ఆడిన బానీ థాల్ అనే అమ్మాయి 1994కల్లా ఆమె స్టాఫ్‌లోకి వచ్చింది. 2022 దాకా అక్కడే అసిస్టెంట్, అసోసియేట్ హెడ్ కోచ్. దాదాపు మూడు దశాబ్దాలు రెండో కుర్చీలోనే! హచిన్స్ దిగిపోగానే థాల్ హెడ్ కోచ్ అయింది. మొదటి సీజన్, 2023, గడ్డుగా నడిచింది. ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌కు కూడా పిలుపు రాలేదు. మరుసటి ఏడాది బిగ్ టెన్ టోర్నమెంట్ గెలిచింది.

ఇది అరుదేమీ కాదు. యూసీఎల్‌ఏలో కెల్లీ ఇనోయె-పెరెజ్ క్యాచర్‌గా (బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే ప్లేయర్) 1989, 1990, 1992లలో టైటిళ్లు గెలిచింది. లీసా ఫెర్నాండెజ్ లాంటి పిచ్చర్‌కు క్యాచర్‌గా ఆడిన మనిషి. అంత పేరున్నా 1994 నుంచి 2006 వరకు అసిస్టెంట్‌గానే ఉంది. స్యూ ఎన్‌క్విస్ట్ రిటైరయ్యాక 2007లో హెడ్ కోచ్ అయి 2010లో, 2019లో టైటిళ్లు తెచ్చింది. మూడు ఒలింపిక్ స్వర్ణాలున్న లీసా ఫెర్నాండెజ్ అదే కాలేజీలో చాలా ఏళ్లుగా అసిస్టెంట్‌గా పనిచేసింది. అరిజోనాలో కెయిట్లిన్ లో 2006, 2007లలో ప్లేయర్‌గా టైటిళ్లు, 2008 ఒలింపిక్స్‌లో రజతం గెలిచి, తర్వాత తన పాత కోచ్ మైక్ కాండ్రియా స్టాఫ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 2021లో ఆయన స్థానంలోకి వచ్చింది. తొలి సీజన్‌లోనే జట్టును ఓక్లహోమా సిటీలో జరిగే, జాతీయ టైటిల్ తేల్చే కాలేజీ వరల్డ్ సిరీస్‌కు తీసుకెళ్లింది.

అంటే ఒలింపిక్ పతకం ఉన్నవాళ్లకు కూడా ఈ మెట్లు తప్పలేదు. "పేరున్న ప్లేయర్ కాకపోతే తీసుకుంటారా" అన్న మీ రెండో సందేహానికి జవాబు కూడా ఇందులోనే కొంత ఉంది. పేరు తలుపు తెరుస్తుంది, ముఖ్యంగా డివిజన్ 1లో. అబద్ధం చెప్పను, పెద్ద కాలేజీలో మొదటి ఉద్యోగానికి ఆ పేరు బాగా పనికొస్తుంది. తలుపు దాటాక మాత్రం ఎవరూ అడగరు. ప్యాటీ గాసోనే చూడండి. ఎల్ కమీనో అనే రెండేళ్ల కాలేజీలో, తర్వాత లాంగ్ బీచ్ స్టేట్‌లో ఆడింది. ఆమె కోచింగ్ మొదలైంది కూడా రెండేళ్ల కాలేజీలోనే, 1990 నుంచి 1994 వరకు లాంగ్ బీచ్ సిటీ కాలేజీలో. 1995లో ఓక్లహోమాకు వెళ్తే అక్కడ జట్టుకు సొంత మైదానం లేదు. నార్మన్ ఊరి రీవ్స్ పార్క్‌లో ఆడేవాళ్లు. 2000లో మొదటి టైటిల్. రెండోది 2013లో. మధ్యలో పదమూడేళ్లు. ఇప్పుడు అందరూ మాట్లాడేది 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు టైటిళ్ల గురించి, 2023లో 61 గెలుపులు, ఒకే ఒక్క ఓటమి గురించి. ఆ పదమూడేళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. ఆ రోజుల్లో ఆమెను తీసేయని డిపార్ట్‌మెంట్‌కు కూడా ఈ టైటిళ్లలో వాటా ఉందని నా అభిప్రాయం.

ఇక అసిస్టెంట్ చేసే పని ఏమిటో మీకు తెలియాలి, ఎందుకంటే మీ అమ్మాయికి కూడా సగమే తెలిసి ఉంటుంది. ప్లేయర్‌కు ప్రాక్టీస్ కనిపిస్తుంది. ప్రాక్టీస్‌కు ముందు గ్రౌండ్ మీద మట్టి లాగి చదును చేయడం, వాన వస్తే టార్ప్ కప్పడం, బస్సు బుక్ చేయడం, ముప్పై మందికి భోజనం ఆర్డర్ పెట్టడం, ఎవరికి ఏ ఆహారం పడదో గుర్తుపెట్టుకోవడం, ప్రత్యర్థి బ్యాటర్లు ఏ బంతిని ఎటు కొడతారో వీడియో చూసి చార్టులు వేయడం, ఇవి కనిపించవు. డివిజన్ 1లో సీజన్‌కు 56 మ్యాచ్‌లు, డివిజన్ 3లో 40 దాకా ఆడొచ్చు. సీజన్‌లో వారాంతాలుండవు. సీజన్ అయ్యాక వేసవి ఉందిగా అనుకుంటారు. రిక్రూటింగ్, అంటే హైస్కూల్ పిల్లలను వెతికి జట్టుకు తెచ్చే పని, అసలు నడిచేదే వేసవిలో. కొలరాడోలో, కాలిఫోర్నియాలో పెద్ద ట్రావెల్ బాల్ (ఊరూరా తిరిగి ఆడే క్లబ్ జట్ల) టోర్నమెంట్లు జరుగుతాయి. మడత కుర్చీ వేసుకుని ఉదయం ఎనిమిది నుంచి రాత్రి దాకా పదహారేళ్ల పిల్లల ఆట చూస్తూ కూర్చోవాలి.

నా అనుభవంలో కమిటీలో అందరికన్నా ముందు అడిగేది రిక్రూటింగ్ గురించే. పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడగలదా, ఒక అమ్మాయి మ్యాచ్‌లో మూడుసార్లు అవుటైనా ఆమెలో ఏముందో చూడగలదా? డివిజన్ 1లో 2018 నుంచి ఒక నిబంధన ఉంది: హైస్కూల్ పదకొండో తరగతి సెప్టెంబర్ 1 రాకముందు కోచ్‌లు పిల్లలతో రిక్రూటింగ్ మాటలు మాట్లాడకూడదు. అంతకుముందు ఎనిమిదో తరగతి పిల్లలు కూడా నోటిమాటగా కాలేజీలకు ఒప్పుకునేవారు. డివిజన్ 3లో అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లే ఉండవు కాబట్టి అక్కడి రిక్రూటింగ్ ఇంకా కష్టం. డబ్బు ఇవ్వలేని చోటుకు పిల్లను ఒప్పించి తీసుకురావాలి. అక్కడ జట్టును నింపడం నేర్చుకున్నవాళ్లు ఎక్కడైనా పనికొస్తారు. మీ అమ్మాయి డివిజన్ 3 నుంచి వస్తోందని చిన్నబుచ్చుకోకండి.

మీ అమ్మాయి విషయంలో నాకు నిజంగా అనిపించే చిక్కు ఒకటుంది. ఆమె షార్ట్‌స్టాప్. స్టాఫ్‌లో సాధారణంగా ఒకరు పిచింగ్ చూస్తారు, ఒకరు బ్యాటింగ్, ఒకరు ఫీల్డింగ్. పిచింగ్ నేర్పగలిగినవాళ్లకు గిరాకీ ఎక్కువ. ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరి ఫీల్డింగ్) నేర్పగలిగేవాళ్లు చాలామంది దొరుకుతారు. అందుకని ఈ ఏడాదే ఇంకో పని పట్టుకోమనండి. బ్యాటింగ్ వీడియో విశ్లేషణ కావచ్చు, లేదా పిచ్చర్లు సాధన చేసే బుల్‌పెన్‌లో క్యాచర్ల పక్కన కూర్చుని, పిచ్చర్‌ను ఏ బంతి ఎప్పుడు వేయమనాలో నేర్చుకోవడం కావచ్చు. కినీసియాలజీ చదువు ఇక్కడ కలిసొస్తుంది. భుజం గాయాల గురించి, బరువుల శిక్షణ గురించి ట్రైనర్‌తో సమానంగా మాట్లాడగలిగే అసిస్టెంట్ ఏ చిన్న కాలేజీకైనా అదనపు లాభం.

మొదటి ఉద్యోగానికి దారులు చెప్తాను. ఆమెకు నేను సూచించేది గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ పోస్టు. డివిజన్ 2, డివిజన్ 3, ఎన్‌ఏఐఏ (చిన్న కాలేజీల మరో సంఘం) కాలేజీల్లో ఇవి ఎక్కువ. సాధారణంగా రెండేళ్లు. మాస్టర్స్ ఫీజు మొత్తంగానో కొంతగానో మాఫీ చేసి, చేతికి కొంచెం స్టైపెండ్ ఇస్తారు, కొన్నిచోట్ల గది కూడా. స్టైపెండ్ చూస్తే మీకు నవ్వొస్తుంది. కానీ మాస్టర్స్ డిగ్రీ విలువ కలిపి లెక్కేయండి. కాలేజీ హెడ్ కోచ్ ప్రకటనల్లో "మాస్టర్స్ ఉంటే ప్రాధాన్యం" అన్న మాట తరచూ కనిపిస్తుంది. ఆరోగ్య బీమా గురించి భయం వద్దు, 26 ఏళ్లు వచ్చేదాకా మీ ప్లాన్‌లోనే ఉండొచ్చు.

రెండోది హైస్కూల్. టీచర్ లైసెన్స్ తీసుకుని, టీచర్ జీతం మీద కోచింగ్‌కు అదనపు స్టైపెండ్. స్థిరమైన ఉద్యోగం, పెన్షన్ ఉంటుంది, ఊరు మారక్కర్లేదు. నిజం చెప్పాలంటే చాలామందికి ఇదే మంచి జీవితం. కానీ కాలేజీ కోచింగే లక్ష్యమైతే, హైస్కూల్ నుంచి అటు వెళ్లడం కంటే మొదటే అటు వెళ్లడం సులువు. పిచింగ్, బ్యాటింగ్ లెసన్స్ చెప్పి సంపాదించేవాళ్లూ ఉన్నారు. పక్క ఆదాయంగా బాగుంటుంది, కెరీర్‌గా నేను నమ్మను.

ఒకప్పుడు డివిజన్ 1లో వాలంటీర్ అసిస్టెంట్ అనే పోస్టు ఉండేది. జీతం లేకుండా ఫుల్‌టైమ్ పని. 2023 జులై 1 నుంచి ఎన్‌సీఏఏ దాన్ని ఎత్తేసింది. ఆ స్థానంలో ఉన్నవాళ్లకు ఇప్పుడు జీతం ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు, బడ్జెట్ లేక ఆ కుర్చీ ఖాళీగా ఉంచే కాలేజీలూ ఉన్నాయి. ఎవరైనా మీ అమ్మాయితో "ముందు ఉచితంగా చెయ్యి, తర్వాత చూద్దాం" అంటే ఒప్పుకోవద్దని నా సలహా.

మహిళా కోచ్‌ల గురించి కూడా ఒక మాట. 1972లో టైటిల్ నైన్ రాకముందు కాలేజీల్లో మహిళల జట్లకు 90 శాతానికి పైగా కోచ్‌లు ఆడవాళ్లే. చట్టం వచ్చి జీతాలు పెరిగేసరికి మగవాళ్లు కూడా దరఖాస్తు పెట్టారు. ఇప్పుడు మహిళల జట్లన్నీ కలిపి చూస్తే ఆ శాతం సగం కంటే తక్కువ. హచిన్స్ ఈ సంగతి బాహాటంగానే మాట్లాడేది.

ఇక పదేళ్ల తర్వాత సంగతి. ఈ ఉద్యోగం రూపే మారుతోంది. ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ప్లేయర్లు పేరు నమోదు చేసుకునే జాబితా) వల్ల ప్లేయర్లు ఏటా కాలేజీ మారొచ్చు. 2024లో నైజరీ కెనడీ అనే పిచ్చర్ స్టాన్‌ఫోర్డ్ వదిలి, పది లక్షల డాలర్లకు పైబడిన ఒప్పందంతో టెక్సస్ టెక్‌కు వెళ్లింది. మరుసటి ఏడాది ఆ జట్టు ఫైనల్ దాకా వచ్చి టెక్సస్ చేతిలో ఓడింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం కాలేజీలు ప్లేయర్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, సాఫ్ట్‌బాల్ జట్టుకు 25 మంది పరిమితి పెట్టారు. ఆ డబ్బులో ఎక్కువ భాగం ఫుట్‌బాల్‌కు, పురుషుల బాస్కెట్‌బాల్‌కు పోతుంది. కొన్ని కాలేజీలు మిగతా ఆటలకు కోత పెడతాయని మా ఆఫీసుల్లో అందరికీ గుబులుగానే ఉంది. డివిజన్ 3కి ఈ గాలి పెద్దగా తగలదు. ఇంకోవైపు 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్లీ ఉంది. 2025లో ఏయూఎస్‌ఎల్ అనే ప్రొఫెషనల్ లీగ్ నాలుగు జట్లతో మొదలైంది. ఆటకు చూసేవాళ్లు పెరుగుతున్నారు. మొత్తం మీద ముందున్న పదేళ్లలో కోచ్ ఉద్యోగాలు మాయమవుతాయని నేననుకోను. పైన జీతాలు ఇంకా పెరుగుతాయి, మధ్యలో ఉన్నవాళ్లకు అభద్రత పెరుగుతుంది.

మీ అమ్మాయి ఇప్పుడు చేయాల్సింది: తన హెడ్ కోచ్‌తో ఈ నెలలోనే విషయం చెప్పాలి. ఈ రంగంలో ఉద్యోగాలు ప్రకటనలకన్నా ఫోన్ కాల్స్ మీదే ఎక్కువ నడుస్తాయి, ఆ ఫోన్ చేసేది ఆమె కోచే. జాతీయ ఫాస్ట్‌పిచ్ కోచ్‌ల సంఘం, ఎన్‌ఎఫ్‌సీఏ, ప్రతి డిసెంబర్‌లో సమావేశం పెడుతుంది. ఉద్యోగం వెతికేవాళ్లు, ఇచ్చేవాళ్లు అక్కడ కలుస్తారు. ఆ ఖర్చు మీరు పెట్టుకోండి. వేసవిలో కాలేజీ క్యాంపుల్లో పనిచేయమనండి, రెండు మూడు స్టాఫ్‌లు లోపలి నుంచి కనిపిస్తాయి.

ఆఫర్ వచ్చాక జీతం ఒక్కటే అడగొద్దు. ఆ హెడ్ కోచ్ దగ్గర ఇంతకుముందు పనిచేసిన అసిస్టెంట్లు ఇప్పుడు ఎక్కడున్నారని అడగమనండి. ఇద్దరు ముగ్గురు వేరే చోట హెడ్ కోచ్‌లు అయ్యుంటే తక్కువ డబ్బుకైనా వెళ్లొచ్చు. అందరూ ఏడాదికో రెండేళ్లకో ఈ రంగమే వదిలేసి ఉంటే, ఎంత ఇచ్చినా ఇంకోసారి ఆలోచించమనండి. ఫిజికల్ థెరపీ సీటు ఒకవేళ ఇప్పటికే వచ్చి ఉంటే, చేరడం వాయిదా వేయనిస్తారేమో ఆ కాలేజీని ముందే అడిగి పెట్టుకోండి. ఆఫర్ లెటర్ వచ్చాక పేర్లు తీసేసి ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.